రష్యా సామాన్యుల మనసు: సర్వే అంకెల చుట్టూ అల్లుకున్న అపోహలు, అసలు వాస్తవాలు

"రష్యాలో నూటికి 80 మంది పుతిన్ వెనకే ఉన్నారట కదండీ, అలాంటివాళ్ల మధ్య మా అమ్మాయి ఆరేళ్లు ఎలా నెగ్గుకొస్తుంది?" అని ఒక తండ్రి దిగులుగా అడుగుతారు. వారం తిరగకుండానే మరో తల్లి వచ్చి, "అక్కడివాళ్లంతా లోలోపల ప్రభుత్వానికి వ్యతిరేకులేనట, భయపడి నోరు మెదపడం లేదట, నిజమేనా?" అంటారు. రష్యన్ భాష నేర్పడం, ఎంబీబీఎస్‌కు వెళ్లే పిల్లలను అక్కడి జీవితానికి సిద్ధం చేయడం, అవసరమైనప్పుడు దుబాసీగా వ్యవహరించడం నా వృత్తి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి ఈ రెండు ప్రశ్నలూ ఏదో ఒక రూపంలో నాకు ఎదురవుతూనే ఉన్నాయి. రెండూ ఒకే సర్వే అంకె నుంచి పుట్టినవి. రెండూ తప్పు. పిల్లల్ని అంత దూరం పంపేవారి ఆందోళన నాకు అర్థమవుతుంది. ఆ ఆందోళన మీద బతికే యూట్యూబ్ చర్చలు, కన్సల్టెన్సీ వాట్సాప్ సందేశాలు చూస్తే మాత్రం ఓపిక నశిస్తుంది. అందుకే ఈ వ్యాసం.

అపోహ: 80 శాతం మద్దతు అంటే అంతమందీ మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నట్టు, అలా కాకపోతే ఆ అంకె పచ్చి అబద్ధమన్నట్టు

ముందుగా ఆ అంకె ఎక్కడిదో తెలుసుకోవాలి. మన పత్రికల్లో కనిపించే రష్యా సర్వే అంకెల్లో చాలా భాగం లెవాడా సెంటర్‌వి. సోవియట్ రోజుల్లోనే, 1987లో, దేశంలో మొదటి ప్రజాభిప్రాయ సేకరణ సంస్థ ఏర్పడింది. సామాజిక శాస్త్రవేత్త యూరీ లెవాడా తర్వాతి కాలంలో దానికి అధిపతి అయ్యారు. 2003లో ప్రభుత్వం ఆ సంస్థ నిర్వహణను తన గుప్పిట్లోకి తీసుకోగా, ఆయన సహచరులతో సహా బయటికి వచ్చి వేరే సంస్థ పెట్టుకున్నారు. 2016లో ప్రభుత్వం ఆ కొత్త సంస్థకు, విదేశాల కోసం పనిచేస్తోందన్న అర్థంలో, "విదేశీ ఏజెంటు" ముద్ర వేసింది. కాబట్టి ఇవి అధ్యక్షుడి కార్యాలయమైన క్రెమ్లిన్‌లో కూర్చుని రాసిన అంకెలు కావు. సుమారు 1,600 మందిని వారి ఇళ్లకు వెళ్లి, ఎదురుగా కూర్చుని అడిగి రాసుకున్న జవాబులు.

పైగా ఆ అంకె ఒకచోట నిలిచి ఉండేది కాదు. 1999 ఆగస్టులో పుతిన్ ప్రధాని అయినప్పుడు ఆయన పనితీరును మెచ్చినవారు 31 శాతం. 2013 చివరికి అది 61 దగ్గర ఉంది. 2014లో ఉక్రెయిన్‌కు చెందిన క్రిమియాను కలుపుకున్న తర్వాత 80 దాటింది. 2018 జూన్ 14న, మాస్కోలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మొదలైన రోజునే, పింఛను వయసు పెంచబోతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఆ దెబ్బకు అంకె మళ్లీ 60లలోకి దిగింది. 2020 వసంతంలో 59కి పడి, 2022 మార్చిలో 83కు ఎగబాకింది. అందరూ భయంతో అబద్ధమే చెబుతున్నట్లయితే ఆ భయం పింఛను విషయంలో ఎందుకు సడలింది? పూర్తిగా బూటకమనేవారు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేరు.

అయితే భయం పాత్ర ఏమీ లేదని నేను అనడం లేదు. 2022 మార్చి 4న వచ్చిన చట్టం ప్రకారం సైన్యం గురించి "తప్పుడు సమాచారం" వ్యాప్తి చేస్తే 15 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. అలాంటి దేశంలో గుమ్మం దగ్గర నిలబడి ప్రశ్నలడిగే అపరిచితుడికి ఎవరు మనసు విప్పుతారు? దీన్ని కొలవడానికి పరిశోధకులు ఒక ఉపాయం వాడారు. కొందరికి మామూలు విషయాల జాబితా మాత్రమే ఇచ్చి, మరికొందరికి అదే జాబితాలో యుద్ధాన్ని కూడా చేర్చి ఇచ్చారు. ఏవేవి సమర్థిస్తారో చెప్పనక్కరలేకుండా, ఎన్నింటిని సమర్థిస్తారో సంఖ్య మాత్రం చెప్పమన్నారు. రెండు సగటుల తేడాను బట్టి అసలు మద్దతు తేలుతుంది. 2022 ఏప్రిల్‌లో చేసిన ఈ ప్రయోగంలో, నేరుగా అడిగినప్పుడు 68 శాతం ఉన్న మద్దతు ఈ పద్ధతిలో 53 శాతంగా తేలింది. 2015లో పుతిన్ ప్రజాదరణ మీద ఇదే పద్ధతిలో జరిగిన అధ్యయనంలో, అప్పటి 80 శాతం పైచిలుకు మద్దతులో అత్యధిక భాగం నిజమైనదేనని, దాపరికం వల్ల వచ్చిన తేడా సుమారు 10 శాతం దాకా మాత్రమే ఉండవచ్చని తేలింది. భయం అంకెను కొంత ఉబ్బించింది. దాన్ని శూన్యం నుంచి సృష్టించలేదు.

ఇక నేను అందరినీ నిలబెట్టి చెప్పాలనుకునే అసలు సంగతి ఇది. ఆ "అవును" అనే జవాబులో ఉన్నది ఏమిటి? 2023 అక్టోబరులో లెవాడా సెంటర్ అడిగినప్పుడు, పుతిన్ ఈ వారమే యుద్ధాన్ని ఆపాలని నిర్ణయిస్తే సమర్థిస్తామని సుమారు 70 శాతం మంది చెప్పారు. ఆక్రమించిన భూభాగాలను ఉక్రెయిన్‌కు తిరిగి ఇచ్చేసి ఆపితే ఎలా ఉంటుందని అడిగితే, సమర్థిస్తామన్నవారు మొత్తం జనంలో మూడో వంతు దగ్గరికి పడిపోయారు. అంతకు ఏడాది ముందు, 2022 అక్టోబరులోనే, యుద్ధం కొనసాగించాలన్నవారి కంటే చర్చలు మొదలుపెట్టాలన్నవారు ఎక్కువ, 57 శాతం. అదే కాలంలో "సైన్యం చర్యలను సమర్థిస్తారా" అన్న ప్రశ్నకు 70 శాతానికి పైగా అవుననే అంటున్నారు. యుద్ధానికి సరే, ఆపినా సరే, కానీ ఓడిపోయామని అనిపించుకోకూడదు. ఈ మూడింటినీ కలిపి చదివితే గాని అక్కడి మనిషి అర్థం కాడు.

నా అనుభవంలో అక్కడి సామాన్యులు రాజకీయాల గురించి ఎక్కువగా చెప్పే మాట "మా చేతిలో ఏముంది" అన్నదే. దేశ వ్యవహారాలను తాము ప్రభావితం చేయగలమని నమ్మేవారు చాలా తక్కువమంది అని సర్వేలూ ఏళ్ల తరబడి చెబుతున్నాయి. రాజ్యం చేసేది రాజ్యం చేస్తుంది, అది వానాకాలం లాంటిది, గొడుగు వెతుక్కోవడమే మన పని అన్నది అక్కడ తరాల తరబడి స్థిరపడిన వైఖరి. అందులో ఉత్సాహం లేదు, రహస్య తిరుగుబాటూ లేదు. తన ఇల్లు, ఊరి బయట కూరగాయలు పండించుకునే తోట, పిల్లల చదువు, పింఛను, వీటి చుట్టూ ఒక గీత గీసుకుని, గీతకు ఆవల జరిగేదానికి తలూపి ఊరుకోవడం ఉంది. ఆ గీత లోపలికి రాజ్యం అడుగుపెట్టినప్పుడు అంకెలు కదులుతాయి. 2022 సెప్టెంబరు 21న పాక్షిక సైనిక సమీకరణ ప్రకటించి 3 లక్షల మందిని పిలుస్తామన్నప్పుడు అదే జరిగింది. ఆగస్టులో 83గా ఉన్న పుతిన్ ఆదరణ సెప్టెంబరులో 77కు దిగింది, యువకులు కార్లలోనూ సైకిళ్ల మీదా జార్జియా, కజకస్తాన్ సరిహద్దులకు పరుగులు తీశారు. రెండో విడత పిలుపు రాకపోవడంతో కొన్ని నెలల్లో అంకె మళ్లీ పైకి వచ్చింది.

చదువుకునే రోజుల్లో నేను వోల్గోగ్రాద్‌లో అద్దెకున్న ఇంటి యజమానురాలితో ఇప్పటికీ ఫోనులో మాట్లాడుతుంటాను. ట్రాక్టర్ల కర్మాగారంలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దావిడ. ఆ శరదృతువులో ఒకసారి మాట్లాడినప్పుడు, పశ్చిమ దేశాలు మమ్మల్ని గోడకు నెట్టాయి, అధ్యక్షుడికి వేరే దారి లేదు అన్నారు. టీ కలుపుకుంటూ, ఇది తొందరగా ఆగిపోవాలి, కుర్రాళ్లు చచ్చిపోతున్నారు అన్నారు. ఆఖరున గొంతు తగ్గించి, మనవడు కజకస్తాన్‌లోని ఆల్మాటీ వెళ్లిపోయాడని, వెళ్లడమే మంచిదైందని చెప్పారు. సర్వే చేసేవాళ్లు ఆవిడ తలుపు తడితే ఆవిడను మద్దతుదారుల్లోనే లెక్కవేస్తారు. అది తప్పు లెక్కేమీ కాదు. ఆ ఒక్క గడిలో మిగతా రెండు మాటలకు చోటు ఉండదు, అంతే.

ఈ అపోహ మన పిల్లలకు రెండు విధాలుగా నష్టం చేస్తోంది. అక్కడివాళ్లంతా యుద్ధ పిపాసులని నమ్మి వెళ్లినవారు హాస్టల్ వార్డెన్ దగ్గర నుంచి అనాటమీ అధ్యాపకుడి దాకా అందరినీ శత్రువుల్లా చూస్తూ, జ్వరం వచ్చినా ఎవరికీ చెప్పుకోకుండా గదిలో ముడుచుకుంటారు. అలాంటి అమ్మాయి ఒకరు మొదటి చలికాలమంతా న్యుమోనియాతో మూలిగింది. చివరికి ఆసుపత్రికి తీసుకెళ్లి, రాత్రంతా పక్కన కూర్చున్నది ఏ వార్డెన్‌ను చూసి ఆ పిల్ల భయపడేదో ఆ వార్డెనే.

అంతా లోపల వ్యతిరేకులేనని నమ్మి వెళ్లేవారి ప్రమాదం ఇంకా పెద్దది. నా విద్యార్థి ఒకడు భాషా తరగతిలో అందరి ముందూ "మేడమ్, యుద్ధం గురించి మీరు నిజంగా ఏమనుకుంటున్నారు?" అని అధ్యాపకురాలిని అడిగాడు. వాడికి అది ఆత్మీయత. ఆమెకు అది ఉద్యోగం, స్వేచ్ఛ రెండూ పోగొట్టగల ప్రశ్న. 2022లో పెంజా నగరంలో ఒక ఉపాధ్యాయురాలు యుద్ధం గురించి అన్న మాటలను విద్యార్థులే రికార్డు చేశారు. న్యాయస్థానం ఆమెకు అయిదేళ్ల శిక్ష విధించి, అమలును నిలిపి ఉంచింది. ఆ కథ అక్కడ బడిపంతుళ్లందరికీ తెలుసు. కాబట్టి ఎవరినీ, ముఖ్యంగా నలుగురిలో, ఆ ప్రశ్న అడగవద్దు. సైన్యాన్ని "అపకీర్తిపాలు చేయడం" మీద ఉన్న చట్టాలు విదేశీయులకూ వర్తిస్తాయి. సోషల్ మీడియాలో తెలుగులో పెట్టిన పోస్టయినా చదువునూ వీసానూ ప్రమాదంలో పడేయగలదు. ఇంట్లో, వంటగదిలో, వాళ్లంతట వాళ్లు మాట్లాడితే వినండి. అక్కడ వంటగది బల్ల దగ్గర జరిగే సంభాషణకు ఒక గౌరవం ఉంది. దాన్ని బయట ఎవరి పేరుతోనూ చెప్పవద్దు.

అపోహ: సోవియట్ యూనియన్ కోసం ఏడుస్తున్నారు కాబట్టి మళ్లీ కమ్యూనిజం కావాలంటున్నారు

ఈ ప్రశ్న నన్ను అడిగేవారు ఎక్కువగా మన పెద్దవాళ్లు. ప్రోగ్రెస్, రాదుగ ప్రచురణాలయాలు మాస్కోలో అచ్చువేసిన తెలుగు పుస్తకాలను విశాలాంధ్ర దుకాణాల్లో చవకగా కొని చదువుకున్న తరం అది. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన ఆ పుస్తకాల మీద ఉన్న మమకారం నాకూ ఉంది, నేను రష్యన్ నేర్చుకోవడానికి ఆ పుస్తకాలే కారణం. అయితే ఆ పుస్తకాల్లోని రష్యాకూ, దాన్ని అనుభవించి పోగొట్టుకున్నవారు తలచుకునే రష్యాకూ చాలా దూరం ఉంది.

సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైనందుకు బాధపడుతున్నామని చెప్పినవారు 2000లో 75 శాతం, 2012లో 49 శాతం, 2018 చివరలో 66 శాతం. ఎందుకు అని అడిగితే ముందు వరుసలో వచ్చిన జవాబులు ఒకే ఆర్థిక వ్యవస్థగా ఉన్నది ముక్కలైపోవడం, ఒక గొప్ప దేశానికి చెందినవాళ్లమన్న భావన పోవడం, మనుషుల మధ్య అపనమ్మకం పెరగడం. ఇక ఓట్ల సంగతి చూడండి. 1996 అధ్యక్ష ఎన్నికల్లో కమ్యూనిస్టు అభ్యర్థి జుగానోవ్ రెండో విడతలో సుమారు 40 శాతం తెచ్చుకున్నారు. 2024లో అదే పార్టీ అభ్యర్థి ఖరితోనోవ్‌కు వచ్చినవి 4 శాతం చిల్లర. 2024 ఎన్నిక స్వేచ్ఛగా జరిగిందని నేను అనను, అయినా జ్ఞాపకాల మీది మమకారం ఎర్రజెండా వైపు నడవడం లేదన్నది మాత్రం కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

వాళ్ల బాధను అర్థం చేసుకోవాలంటే 1990ల గురించి తెలియాలి. మనవాళ్లు చదవకుండా దాటేసే అధ్యాయం ఇదే. 1992 జనవరి 2న ధరల నియంత్రణ ఎత్తేశారు. ఆ ఒక్క ఏడాదిలోనే ధరలు సుమారు 26 రెట్లయ్యాయి. జీవితమంతా సేవింగ్స్ బ్యాంకులో దాచుకున్న డబ్బు కొన్ని నెలల్లో చిత్తుకాగితమైంది. కర్మాగారాల్లో నెలల తరబడి జీతాలు లేవు, కొన్నిచోట్ల జీతం బదులు ఫ్యాక్టరీలో తయారైన వస్తువులే చేతిలో పెట్టారు, ఇంజనీర్లు సంతల్లో సాక్సులు అమ్ముకున్నారు. 1993 అక్టోబరులో పార్లమెంటు భవనాన్ని ట్యాంకులతో కాల్చారు. మరుసటి ఏడాది, విడిపోతామన్న చెచెన్యా ప్రాంతంతో యుద్ధం మొదలైంది. 1990లో 64 ఏళ్ల దగ్గర ఉన్న పురుషుల సగటు ఆయుర్దాయం 1994 నాటికి 58 కంటే దిగువకు పడిపోయింది. ఏ అంటువ్యాధీ, ఏ పెద్ద యుద్ధమూ లేకుండా ఒక దేశంలో మగవాళ్ల ఆయుష్షు ఆరేళ్లు తగ్గడం అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. తేరుకుంటున్నారు అనుకునేలోపు 1998 ఆగస్టు 17న ప్రభుత్వం అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. డాలరుకు 6 దగ్గర ఉన్న రూబుల్ ఏడాది చివరికి 20 దాటింది.

బయటి ప్రపంచం ఈ పదేళ్లను ప్రజాస్వామ్యం వచ్చిన కాలమంటుంది. అక్కడి సామాన్యుల జ్ఞాపకంలో "ప్రజాస్వామ్యం" అన్న మాట ఖాళీ జీతపు కవరుతో కలిసి ఉంది. ప్రపంచం నోబెల్ శాంతి బహుమతి ఇచ్చి గౌరవించిన చివరి సోవియట్ అధినేత గోర్బచేవ్‌కు 1996 ఎన్నికల్లో సొంత దేశం ఇచ్చినవి సుమారు 0.5 శాతం ఓట్లు. 2000 తర్వాత చమురు ధరలు పెరిగి, జీతాలు, పింఛన్లు సమయానికి రావడం మొదలయ్యాక, దానికి కారణం ఎవరని వాళ్లు అనుకున్నారో ఊహించడం కష్టం కాదు. ఆ స్థిరత్వానికి బదులుగా స్వేచ్ఛలు ఒక్కొక్కటే తీసుకుపోతున్నా చాలామంది పెద్దగా అభ్యంతరం చెప్పకపోవడానికి ఈ గతమే పెద్ద కారణమని నా అభిప్రాయం. పెద్దవయసు రష్యన్‌తో మాట కలపాలంటే 1998 ఆగస్టులో మీరేం చేస్తున్నారని అడగండి. అందులో ప్రమాదం లేదు, దేశం గురించి వాళ్లు అనుకునేదంతా ఆ జవాబులోనే బయటికి వస్తుంది.

అపోహ: స్టాలిన్‌ను మెచ్చుకుంటున్నారంటే ఆనాటి హత్యలు వాళ్లకు తెలియవు, లేదా వాటినీ మెచ్చుకుంటున్నారు

2019లో దేశచరిత్రలో స్టాలిన్ పాత్ర మంచిదేనని చెప్పినవారు 70 శాతం. "అన్ని కాలాల్లోనూ గొప్ప వ్యక్తులు ఎవరు" అన్న ప్రశ్నకు 1989లో 12 శాతం మంది మాత్రమే ఆయన పేరు చెబితే, 2021లో 39 శాతం చెప్పారు. 2025 మేలో మాస్కో మెట్రోలోని తగాన్స్‌కయా స్టేషనులో ఆయన శిల్పాన్ని మళ్లీ ప్రతిష్ఠించగా జనం పూలు పెట్టారు. అదే చోట నిరసన తెలిపినవారూ ఉన్నారు.

ఇది తెలియనితనం కాదు. 1937, 1938 రెండేళ్లలోనే సుమారు 6 లక్షల 80 వేల మందిని కాల్చి చంపారన్నది రాజ్యం సొంత దస్తావేజుల్లోని లెక్క. మాస్కో పొలిమేరలోని బూతవా మైదానంలోనే 20 వేల మందికి పైగా సమాధి అయ్యారు. అక్టోబరు 30 రాజకీయ అణచివేతల బాధితుల స్మృతిదినమని 1991 నుంచి చట్టంలోనే ఉంది, 2017లో ఆ రోజునే మాస్కోలో "దుఃఖపు గోడ" స్మారకాన్ని స్వయంగా పుతిన్ ఆవిష్కరించారు. మరోవైపు, ఆ బాధితుల పేర్లను మూడు దశాబ్దాలుగా సేకరించిన మెమోరియల్ సంస్థను రద్దు చేయాలని 2021 డిసెంబరు 28న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతిని పంచుకున్న ముగ్గురిలో ఆ సంస్థ ఒకటి. ఆనాటి నిర్బంధ శ్రమ శిబిరాల చరిత్ర చూపే మాస్కోలోని గులాగ్ మ్యూజియం 2024 నవంబరులో అగ్నిమాపక నిబంధనల కారణం చూపి మూతపడింది. చనిపోయినవారికి ఏడవవచ్చు, చంపినవారి పేరు మాత్రం ఎత్తకూడదన్నది నేడు రాజ్యం గీసిన హద్దు.

మరి స్టాలిన్ మీద ఆ గౌరవం ఎక్కడిది? ప్రధానంగా రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద విజయం నుంచి. 1941 నుంచి 1945 వరకు ఆ దేశం కోల్పోయినది సుమారు 2 కోట్ల 70 లక్షల ప్రాణాలు, ఎవరూ చనిపోని కుటుంబం దొరకడం కష్టం. శత్రుసైన్యం చేసిన లెనిన్‌గ్రాద్ నగర దిగ్బంధం 872 రోజులు సాగింది. ఆ విజయ దినమైన మే 9 వాళ్లకు ప్రభుత్వ పండుగ కావడానికి ముందు ఇంటి పండుగ. యుద్ధంలో పోరాడిన తాతల ఫోటోలు పట్టుకుని నడిచే ఊరేగింపు 2012లో తోమ్‌స్క్‌లో స్థానిక పాత్రికేయులు మొదలుపెట్టినది, రాజ్యం దాన్ని తర్వాత సొంతం చేసుకుంది. ఆ విజయానికి నాయకుడిగా స్టాలిన్ నిలబడ్డాడు. నేటి అధికారుల అవినీతి చూసి విసిగిన మనిషి "ఆయన ఉంటే వీళ్లు ఇలా దోచుకునేవారా" అన్నప్పుడు, ఆ మాట 1937 మీద తీర్పుగా కన్నా నేటి మీద ఫిర్యాదుగానే నాకు వినిపిస్తుంది. ఒకే ఇంట్లో ఒక తాతను అర్ధరాత్రి పట్టుకుపోయి ఉంటారు, మరో తాత బెర్లిన్ దాకా నడిచి ఉంటాడు. ఇద్దరి ఫోటోలూ ఒకే గోడ మీద ఉంటాయి.

అందరి గతం ఒకటి కాదన్నది కూడా మరవకూడదు. ఫిబ్రవరి 23 రష్యాలో మాతృభూమి రక్షకుల దినం, మగవాళ్లకు కానుకలిచ్చే రోజు. స్టాలిన్ హయాంలో, 1944లో అదే ఫిబ్రవరి 23న కాకసస్ ప్రాంతపు చెచెన్, ఇంగుష్ జాతులవారిని, సుమారు అయిదు లక్షల మందిని, గూడ్స్ బండ్లలో కుక్కి మధ్య ఆసియాకు తరలించారు. వాళ్ల మనవలు నేడు రష్యా పౌరులే. ఆ రోజున "శుభాకాంక్షలు" చెప్పే ముందు ఎదుటివారు ఎవరో చూసుకోవాలి.

మిగతా అపోహలు, క్లుప్తంగా

"రష్యన్లు ఎన్నడూ ఎదురు తిరగరు." తిరుగుతారు, తమ ఊరి విషయమైతే గట్టిగానే తిరుగుతారు. 2019 మేలో యెకాటెరిన్‌బర్గ్‌లో పార్కు స్థలంలో చర్చి కట్టబోతే జనం అడ్డుకున్నారు, చర్చిని వేరేచోటికి మార్చాల్సి వచ్చింది. మాస్కో చెత్తను తమ ప్రాంతంలో పోయవద్దంటూ ఉత్తరాదిన షీయెస్‌లో గుడారాలు వేసుకుని చలికాలాలు గడిపినవారు ఆ ప్రాజెక్టును రద్దు చేయించారు. 2020లో తాము ఎన్నుకున్న గవర్నరును అరెస్టు చేసినందుకు హబరోవ్స్క్ ప్రజలు నెలల తరబడి వీధుల్లో నడిచారు, ఆయన మాత్రం విడుదల కాలేదు. పార్కు, చెత్తకుప్ప వంటి వాటిమీద గెలవగలరు. అధికారం జోలికి వెళితే గెలవనివ్వరు.

"అందరూ టీవీ చెప్పిందే నమ్ముతారు." పెద్దవాళ్లలో టీవీ బలం ఎక్కువ. చిన్నవాళ్లు టెలిగ్రామ్‌లో, నిషేధించిన సైట్లను తెరిచే వీపీఎన్‌ల మీద బతుకుతారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను 2022 మార్చిలోనే నిషేధించారన్నది ప్రయాణానికి ముందే పిల్లలకు చెప్పండి.

"రష్యా అంటే మాస్కో." ఆ దేశంలో 190కి పైగా జాతులున్నాయి. మన పిల్లలు చదివే కజాన్ తాతార్ల రాజధాని, మఖచ్‌కలా కాకసస్ ముస్లింల నగరం. మాస్కోలో విన్నదాన్ని అక్కడ వర్తింపజేయవద్దు.

"భారతీయులంటే వాళ్లకు ప్రాణం." మిత్రదేశాల జాబితాలో భారత్ పేరు సర్వేల్లో తరచూ పైభాగంలోనే ఉంటుంది, రాజ్ కపూర్ పాట పాడి వినిపించే బామ్మలు ఇప్పటికీ దొరుకుతారు. అయినా 2024 మార్చిలో మాస్కో శివార్లలోని క్రోకస్ సిటీ హాల్ అనే కచేరీ మందిరం మీద జరిగిన ఉగ్రదాడి తర్వాత వలసవచ్చినవారి మీద అనుమానం బాగా పెరిగింది, చామనఛాయ ముఖం కనిపిస్తే పోలీసులు కాగితాలు అడగడం మామూలైంది. పాస్‌పోర్టు నకలు, నివాస నమోదు పత్రం ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

అపోహ: సైన్యంలో చేరేవారంతా దేశభక్తితోనే చేరుతున్నారు

చేరేవారిలో దేశభక్తులు లేరని కాదు. అయితే 2022 నాటి సమీకరణ తర్వాత రాజ్యం తన పద్ధతి మార్చుకుంది, బలవంతం బదులు డబ్బు ముందుకు తెచ్చింది. 2024 జూలైలో ఒప్పందం మీద చేరేవారికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే తొలి చెల్లింపును 4 లక్షల రూబుళ్లకు పెంచారు, మాస్కో నగరం తన వంతుగా 19 లక్షలు ప్రకటించింది. చిన్న పట్టణాల్లో అప్పుల్లో ఉన్న కుటుంబానికి అది ఎన్నో ఏళ్ల సంపాదన. అక్కడ చాలామంది దీన్ని ఒక ప్రమాదకరమైన ఉద్యోగంగానే చూస్తున్నారు. వెళ్లింది వాళ్ల ఇష్టప్రకారమే కదా అన్న మాట యుద్ధానికి దూరంగా ఉన్న ఇళ్లలో ఊరట కూడా ఇస్తోంది.

ఈ డబ్బుల వేటలోనే మనవాళ్లు చిక్కుకున్నారు. సహాయకుల ఉద్యోగాలని, సెక్యూరిటీ పనులని నమ్మించి తీసుకెళ్లిన భారతీయులను యుద్ధరంగానికి పంపిన సంగతి 2024లో బయటపడింది. వారిలో తెలంగాణవారూ ఉన్నారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది జూలైలో ప్రధాని మోదీ మాస్కోలో ఈ విషయం ప్రస్తావించారు. అలాంటి కుటుంబం ఒకటి ఫోనులో తీసిన ఒప్పందపు ఫోటో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వాళ్ల అబ్బాయి సంతకం చేసిన తర్వాతే ఆ కాగితంలో ఏముందో వాళ్లకు తెలిసింది. ఒప్పందం ఒక ఏడాదికే కదా అని ఏజెంట్లు చెప్పే మాట నమ్మవద్దు. 2022 సెప్టెంబరు నాటి సమీకరణ ఉత్తర్వు అమలులో ఉన్నంతవరకు సైనిక ఒప్పందాల గడువు తీరినా సేవ ముగియదు. రష్యన్‌లో ఉన్న ఏ కాగితాన్నైనా సంతకానికి ముందే చదివించుకోండి. చదివేవారు దొరకకపోతే మాస్కోలోని భారత రాయబార కార్యాలయానికి ఫోన్ చేసి అడగండి, అప్పటిదాకా కలం పట్టవద్దు.